జీడీపీలో బ్యాంకు అప్పు వాటా: 50, 55, 90ల్లో ఏ అంకె దేనికి? మన జిల్లాకు లెక్క ఎట్ల కట్టాలి?

కొర్లగుంట కామర్స్:
అందరికీ నమస్కారం. ఎం.కామ్ పిల్లల సెమినార్‌కు ఒక అంశం తీసుకున్నాం: దేశ ఆర్థిక వ్యవస్థతో పోలిస్తే ప్రైవేటు రంగానికి బ్యాంకులిచ్చిన అప్పు ఎంత. అంకెలు వెతికితే మూడు రకాలుగా కనిపిస్తా ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు పట్టికలో ఇండియాకు 50 శాతం చుట్టూ ఉంది. ఆర్‌బీఐ అంకెలు పెట్టుకుని భాగిస్తే 55 వస్తోంది. ఇంకొక చోట 90ల్లో ఉంది. ఏది దేనికి వాడాలి? చిత్తూరు, తిరుపతి జిల్లాలకు కూడా ఇదే నిష్పత్తి కట్టొచ్చా? కడితే పైన ఏం పెట్టాలి, కింద ఏం పెట్టాలి?

పద్దు పుస్తకం:
మూడూ సరైనవే సార్. ప్రశ్నలు వేరు కాబట్టి జవాబులు వేరుగా ఉన్నాయి.

ప్రపంచ బ్యాంకుది డిపాజిట్లు తీసుకునే సంస్థలు ప్రైవేటు రంగానికి ఇచ్చిన అప్పు మాత్రమే. సర్కారుకు ఇచ్చింది అందులో ఉండదు. మన ఆర్‌బీఐ పక్షానికొకసారి ఇచ్చే ‘బ్యాంక్ క్రెడిట్’లో ప్రభుత్వ రంగ కంపెనీలకు ఇచ్చిన అప్పు ఉంటుంది, ధాన్యం కొనుగోలుకు ఎఫ్‌సీఐ తీసుకునే ఆహార రుణం ఉంటుంది. అందుకే అది నాలుగైదు పాయింట్లు ఎక్కువ. 90ల్లో కనిపించేది స్విట్జర్లాండ్‌ బేసెల్‌లోని బీఐఎస్ లెక్క, అది కేంద్ర బ్యాంకులకు ఉన్న అంతర్జాతీయ సంస్థ. అందులో బ్యాంకులతో పని లేదు, అప్పు తీసుకున్నవాళ్ల వైపు నుంచి చూస్తారు. కుటుంబాలు, ఆర్థికేతర కంపెనీలు ఎక్కడి నుంచి తెచ్చుకున్నా సరే, బ్యాంకు, ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్సు కంపెనీ), బాండు, విదేశీ రుణం అన్నీ కలుపుతారు.

ఇంకొక చిక్కు కూడా చెప్పాలి. ప్రపంచ బ్యాంకులోనే పేరు దగ్గర దగ్గరగా ఉండే రెండు పట్టికలున్నాయి. ఒకటి ‘ప్రైవేటు రంగానికి దేశీయ రుణం’, రెండోది అదే పేరు చివర ‘బ్యాంకుల ద్వారా’ అని ఉండేది. ఇండియాకు ఆ తేడా పెద్దగా కనబడదు గానీ అమెరికాకు చూడండి. బ్యాంకుల ద్వారా అన్నది 50 చుట్టూ, అన్నీ కలిపింది 200 దరిదాపుల్లో. పిల్లలు ఒక దేశానికి మొదటి పట్టిక, ఇంకో దేశానికి రెండోది తీసుకుంటే మొత్తం వ్యాసమే తప్పుతుంది.

తాతయ్యగుంట:
55 ఎట్ల వచ్చిందో అంకెలతో చూపిస్తే పిల్లలకు పట్టుబడుతుంది.

2025 మార్చి 21 నాటికి షెడ్యూల్డు వాణిజ్య బ్యాంకుల రుణాలు సుమారు 182.4 లక్షల కోట్లు. 2024-25కు ప్రస్తుత ధరల్లో జీడీపీ 330.7 లక్షల కోట్లు (2011-12 ఆధార సంవత్సరం సిరీస్, 2025 మే అంచనా). భాగిస్తే 55.2 శాతం. కింద పెట్టేది ఎప్పుడూ ప్రస్తుత ధరల జీడీపీయే. స్థిర ధరల జీడీపీ పెట్టి 90 శాతానికి పైగా తెచ్చుకున్న ప్రాజెక్టు రిపోర్టులు ఉంటాయి, అప్పు ఈనాటి రూపాయల్లో, జీడీపీ 2011-12 రూపాయల్లో ఉంటే ఆ భాగహారానికి అర్థమే లేదు.

ఇప్పుడు అంతకుముందు ఏడాది కడదాం. 2024 మార్చి 22 నాటి రుణాలు 164.3 లక్షల కోట్లు. 2023-24 జీడీపీ మొదట 295.4 అన్నారు. దానితో భాగిస్తే 55.6. ఆ తర్వాత సవరించి 301.2 చేశారు. దానితో భాగిస్తే 54.5. అంటే పాత అంకె పట్టుకున్నవాడు ‘ఈ ఏడాది నిష్పత్తి తగ్గింది’ అని రాస్తాడు, సవరించిన అంకె పట్టుకున్నవాడు ‘పెరిగింది’ అని రాస్తాడు. బ్యాంకుల్లో మాత్రం ఒక్క రూపాయీ మారలేదు. కాబట్టి ప్రతి గడి పక్కన జీడీపీ ఏ నెల విడుదల నుంచి తీసుకున్నారో రాయించండి. ఆధార సంవత్సరం మారిందంటే వెనక ఏళ్లన్నీ తిరిగి కట్టాల్సిందే, రెండు సిరీస్‌లు ఒకే గీతలో కలపకూడదు.

తేదీ సంగతి కూడా చూసుకోండి. నేను పైన ఇచ్చినవి మార్చిలో ఆఖరి రిపోర్టింగ్ శుక్రవారం అంకెలు. మార్చి ఎండింగ్ హడావుడి రుణాలు చాలావరకు ఆ తర్వాత వారంలో పడతాయి. కొన్ని పట్టికలు 31 నాటివి ఇస్తాయి. ఏదైనా ఒకటే వాడాలి.

నగరి మరమగ్గం:
ఒక సందేహం అన్నా. కరోనా ఏడాది ఎవరూ కొత్త అప్పులు పెద్దగా తీసుకోలేదు కదా. గ్రాఫులో మాత్రం ఆ ఏడే నిట్టనిలువుగా లేచింది. ఎందుకని?

తాతయ్యగుంట:
కింది అంకె కుంగింది కాబట్టి. 2020 మార్చిలో రుణాలు 103.7 లక్షల కోట్లు, జీడీపీ సుమారు 201. అంటే 51.6 శాతం. మరుసటి మార్చికి రుణాలు 109.5కు చేరాయి, అంటే 5.6 శాతం పెరుగుదల, చాలా నీరసం. అదే సమయంలో ప్రస్తుత ధరల జీడీపీ 199 లోపుకు దిగింది. నిష్పత్తి 55 దాటింది. నిష్పత్తి నిలకడగా ఉండాలంటే రుణాలు, ప్రస్తుత ధరల జీడీపీ ఒకే వేగంతో పెరగాలి. అందుకని గ్రాఫులో ఒక గీత పెట్టి వదిలేయొద్దు, కింద రెండింటి వృద్ధి రేట్లూ పక్కపక్కన పెట్టండి. లేచింది పైఅంకె వల్లనో కిందిదాని వల్లనో కంటికి తెలుస్తుంది.

నీవా ఒడ్డు:
పైఅంకెలో కూడా ఇట్లాంటి గతుకులు ఉన్నాయి. 2023 జులై 1న హెచ్‌డీఎఫ్‌సీ గృహరుణ సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో విలీనమైంది. అంతకుముందు రోజు దాకా అవి ఎన్‌బీఎఫ్‌సీ అప్పులు, మరుసటి రోజు నుంచి బ్యాంకు అప్పులు. ఇల్లు అదే, ఈఎంఐ అదే. కానీ 2023-24లో బ్యాంకు రుణాల వృద్ధి విలీనం కలిపితే సుమారు 20 శాతం, తీసేస్తే సుమారు 16 శాతం. ఆర్‌బీఐ ఆ రోజుల్లో రెండూ విడివిడిగా ఇచ్చింది, ఫుట్‌నోటు చూడకుండా తీసుకుంటే ఆ ఏడాది బ్యాంకులు విరగబడి అప్పులిచ్చాయని రాసేస్తారు.

రెండోది రైటాఫ్, అంటే వసూలు కాని అప్పును బ్యాంకు పద్దులోంచి కొట్టేయడం. 2018 మార్చికి స్థూల ఎన్‌పీఏలు (మొండి బాకీలు) మొత్తం అప్పుల్లో 11 శాతం దాటాయి, 2024 మార్చికి 2.8కి దిగాయి. ఆ దిగుదలలో వసూళ్లతో పాటు రైటాఫ్‌లు కూడా ఉన్నాయి. రైటాఫ్ చేసిన అప్పు పద్దులోంచి పోతుంది కాబట్టి నిష్పత్తి తగ్గుతుంది. అప్పు తీర్చడం వల్ల తగ్గినట్టు కాదు.

మూడోది డబుల్ కౌంటింగ్. బ్యాంకు ఎన్‌బీఎఫ్‌సీకి ఇస్తుంది, ఎన్‌బీఎఫ్‌సీ ఆటో ఫైనాన్సుకు ఇస్తుంది. బ్యాంకు రుణం మీద ఎన్‌బీఎఫ్‌సీ రుణం మొత్తం కలిపేస్తే అదే డబ్బు రెండుసార్లు ఎక్కుతుంది. కలపాలంటే ఎన్‌బీఎఫ్‌సీలకు బ్యాంకులిచ్చిన భాగాన్ని ముందు తీసేయాలి, తర్వాతే కలపాలి.

కొర్లగుంట కామర్స్:
ఇది చాలా ఉపయోగం సార్, ముగ్గురికీ కృతజ్ఞతలు. మరి అంకె పెద్దదైతే మంచిదనుకోవాలా? చైనాకు 180 దాటి ఉంది. పాకిస్తాన్‌కు చూస్తే 15 అటూ ఇటూ, ఇటీవల ఇంకా తక్కువ. మనం మధ్యలో ఉన్నాం.

పద్దు పుస్తకం:
తక్కువగా ఉండటానికి కారణం చూడాలి. పాకిస్తాన్‌లో బ్యాంకుల డబ్బు ఎక్కువ భాగం ప్రభుత్వ బాండ్లలోకి పోతుంది. రిస్కు లేని చోట మంచి వడ్డీ వస్తుంటే చిన్న ఫ్యాక్టరీకి అప్పివ్వడానికి బ్యాంకు మేనేజరు ఎందుకు తల నొప్పి పెట్టుకుంటాడు? మన దగ్గర కూడా డిపాజిట్లలో 18 శాతం ఎస్‌ఎల్‌ఆర్ (తప్పనిసరిగా పక్కన పెట్టాల్సిన భాగం) కింద, ముఖ్యంగా సర్కారు పత్రాల్లో ఉంచాలి. సీఆర్‌ఆర్ (ఆర్‌బీఐ దగ్గర నగదుగా ఉంచాల్సింది) వేరు, దాన్ని 2025లో నాలుగు విడతల్లో 4 నుంచి 3 శాతానికి తగ్గించారు. మిగిలిందే అప్పుకు.

ఎక్కువగా ఉండటం కూడా ఒక హద్దు వరకే మేలు. 2012లో ఐఎంఎఫ్ వర్కింగ్ పేపరు ఒకటి చాలా దేశాల అంకెలు చూసి, ప్రైవేటు రుణం జీడీపీలో సుమారు 100 శాతం దాటాక ఎదుగుదలకు సాయం చేయడం ఆగి అడ్డం పడుతుందని తేల్చింది. 1997లో థాయ్‌లాండ్, 2008లో స్పెయిన్, ఐర్లాండ్, మూడూ ఆ గీత దాటి చాలా దూరం పోయాక కూలినవే. ఆ దేశాల్లో అప్పు భూములు, కట్టడాల వైపు ఎక్కువగా మళ్లింది.

నా మటుకు నాకు నిష్పత్తి ఎంతన్నదాని కన్నా లోపల ఏముందన్నదే ముఖ్యం. 2015 మార్చిలో మన ఆహారేతర రుణాల్లో పరిశ్రమల వాటా దాదాపు 44 శాతం, వ్యక్తిగత రుణాలు 20 లోపు. 2025 మార్చికి పరిశ్రమలు 22 శాతం చుట్టూ, వ్యక్తిగత రుణాలు 33 దగ్గర. పదేళ్లలో మొత్తం నిష్పత్తి పెద్దగా కదల్లేదు, లోపల మాత్రం తిరగబడింది. ఫ్యాక్టరీకి ఇచ్చిన రూపాయి, పెళ్లి ఖర్చుకు ఇచ్చిన రూపాయి ఈ నిష్పత్తిలో సమానం. పిల్లలు ఈ పట్టిక ఒక్కటి పెట్టినా సెమినార్ నిలబడుతుంది.

అయితే పెద్ద కంపెనీలు బాండ్ల మార్కెట్‌కు పోయాయన్నది మరిచిపోవద్దు. 2025 మార్చికి కార్పొరేట్ బాండ్ల నిల్వ 53 లక్షల కోట్లు దాటింది. పరిశ్రమకు డబ్బు ఆగిపోయిందని ఈ పట్టిక ఒక్కదాన్ని చూసి అనలేం.

నీవా ఒడ్డు:
ప్రమాద హెచ్చరికకు ఈ నిష్పత్తినే వాడతారు, దాన్ని ‘గ్యాప్’ అంటారు. నిష్పత్తికి దీర్ఘకాలిక ధోరణి గీత ఒకటి గీస్తారు (హోడ్రిక్-ప్రెస్కాట్ ఫిల్టరు అనే గణిత పద్ధతితో; గీత ఎంత నునుపుగా ఉండాలో చెప్పే లాంబ్డా త్రైమాసిక అంకెలకు 4,00,000). నిజమైన అంకె ఆ గీతకు ఎంత పైన ఉందో అదే గ్యాప్. బేసెల్ మార్గదర్శకాల్లో (బ్యాంకుల మూలధనానికి అంతర్జాతీయ నియమాలు) గ్యాప్ 2 పాయింట్లు దాటితే బ్యాంకులు అదనపు మూలధనం పెట్టడం మొదలు, 10 పాయింట్ల దగ్గర గరిష్ఠం 2.5 శాతం. ఆర్‌బీఐ 2015 ఫిబ్రవరిలో మనకు ఆ హద్దుల్ని 3, 15గా పెట్టింది. మధ్యలో సరళరేఖ. ఉదాహరణకు గ్యాప్ 9 అయితే (9−3)ను 12తో భాగించి 2.5తో గుణిస్తే 1.25 శాతం. ఇది రిస్కు వెయిటెడ్ ఆస్తుల (ప్రమాదాన్ని బట్టి తూకం వేసిన అప్పులు, పెట్టుబడుల) మీద. గ్యాప్ ఒక్కటే చాలదని మూడేళ్ల అదనపు సీడీ రేషియో (డిపాజిట్లతో పోలిస్తే అప్పు ఎంత అన్నది), కంపెనీల వడ్డీ చెల్లింపు సామర్థ్యం లాంటివీ చూస్తారు. ఇప్పటిదాకా మన దగ్గర దీన్ని అమలు చేయలేదు.

దీని లోపం కూడా చెప్పించండి. పెద్ద బూమ్ తర్వాత ధోరణి గీత తానే పైకి వంగిపోతుంది. తర్వాత మామూలు స్థాయిలో అప్పులు పెరుగుతున్నా గ్యాప్ మైనస్‌లో కనిపిస్తుంది. 2010ల రెండో సగంలో మనకు జరిగింది అదే.

సత్యవేడు రోడ్డు:
జిల్లా ప్రశ్నకు ఎవరూ రాలేదు కాబట్టి మొదలుపెడతా.

కింద పెట్టడానికి జిల్లా స్థూల ఉత్పత్తి ఉంది, రాష్ట్ర అర్థగణాంక శాఖ ఇస్తుంది. చిక్కంతా పైఅంకెతోనే. అప్పు ఎక్కడ మంజూరైందో ఒకటి, ఎక్కడ వాడారో ఒకటి. ఆర్‌బీఐ మూడు నెలలకొకసారి ఇచ్చే జిల్లాల డిపాజిట్, రుణ పట్టిక బ్రాంచి ఉన్న చోటును బట్టి. వాడిన చోటు లెక్క ఏడాదికొకసారి వచ్చే బీఎస్‌ఆర్-1 అనే ఆర్‌బీఐ పట్టికలో ఉంటుంది.

శ్రీసిటీ పారిశ్రామికవాడ తీసుకోండి. ఫ్యాక్టరీ తిరుపతి జిల్లాలో ఉంది, ఉత్పత్తి జిల్లా లెక్కలో పడుతుంది. అప్పు చెన్నై బ్రాంచిలోనో ముంబయి బ్రాంచిలోనో ఉంటుంది. విదేశీ కంపెనీ అయితే మాతృసంస్థ నుంచో విదేశీ బ్యాంకు నుంచో తెచ్చుకుంటుంది, అది మన బ్యాంకు రుణంలోకే రాదు. భాగహారం కట్టితే నిష్పత్తి తక్కువొస్తుంది, జిల్లాకు అప్పు దొరకడం లేదని రాస్తే అబద్ధమవుతుంది.

బాకరాపేట బస్సు:
అంత కష్టం దేనికి? డీసీసీ (జిల్లా బ్యాంకర్ల సంప్రదింపుల కమిటీ) సమావేశంలో వార్షిక రుణ ప్రణాళిక సాధన అంకె ఇస్తారు కదా, పేపర్లో కూడా వస్తుంది. దాన్ని జిల్లా ఉత్పత్తితో భాగిస్తే సరిపోదా? సీడీ రేషియో కూడా అక్కడే దొరుకుతుంది. మన రాష్ట్రానిది 100 దాటి ఉంది, అంటే డిపాజిట్లకు మించి ఇచ్చేస్తున్నారు, ప్రమాదం కూడా.

పద్దు పుస్తకం:
రెండిట్లోనూ జారినారు తమ్ముడూ, చాలామంది జారే చోటే ఇది.

ప్రణాళిక సాధన అన్నది ఏడాదిలో ఇచ్చిన మొత్తం, బాకీ నిలువ కాదు. పైగా పంట రుణం రెన్యువల్ చేస్తే అది కొత్త రుణం కింద ఎక్కుతుంది. రైతు వడ్డీ కట్టి లక్ష తిరగరాసుకుంటే పద్దులో లక్ష వసూలు, లక్ష పంపిణీ. చేతికి కొత్తగా వచ్చిందేమీ ఉండదు. పంట రుణాలు ఎక్కువున్న మన జిల్లాల్లో ఈ అంకె బాగా ఉబ్బుతుంది. మీకు కావాల్సింది ఆ పట్టికలో ‘ఔట్‌స్టాండింగ్’ (బాకీ నిలువ) కాలమ్.

సీడీ రేషియో సంగతి. 100 దాటడం ప్రమాదమేమీ కాదు. బ్యాంకు దేశమంతటికీ ఒకే ఖజానా, మాంగాడులో ఇచ్చే అప్పుకు ముంబయి డిపాజిట్ పనికొస్తుంది. ఒక బ్యాంకు మొత్తానికి 100 దాటితే ఆలోచించాలి, రాష్ట్రానికి కాదు. రాష్ట్ర విభజన తర్వాత పెద్ద డిపాజిట్లున్న హైదరాబాద్ అటు పోయింది, అదొక కారణం. ఆర్‌బీఐ చూసేది తక్కువగా ఉన్నచోటనే. జిల్లా సీడీ రేషియో 40 లోపుంటే ప్రత్యేక సబ్‌కమిటీ వేయాలి, 40-60 మధ్య ఉంటే డీసీసీ గమనించాలి. రాష్ట్ర స్థాయిలో వాడిన చోటును బట్టి, గ్రామీణ మౌలిక నిధిని కలిపి కడతారు. జిల్లా స్థాయిలో మంజూరైన చోటును బట్టే కడతారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

తాతయ్యగుంట:
తిరుపతికి ఇంకొక మాట. తితిదే 2022 నవంబర్ శ్వేతపత్రంలో బ్యాంకుల్లో డిపాజిట్లు 15,938 కోట్లని చెప్పింది. అంత పెద్ద మొత్తంలో ఒక ముక్క టెండరులో ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు, ఈ ఊరి బ్రాంచి నుంచి వేరే ఊరి బ్రాంచికి మారినా జిల్లా సీడీ రేషియో ఊగిపోతుంది. అందువల్ల తిరుపతికి సీడీ రేషియో కన్నా రుణాన్ని జిల్లా ఉత్పత్తితో భాగించడమే మేలు. ఈ కొండ కింద ఊరికి డిపాజిట్ పక్కన భక్తుల డబ్బు కలిసి ఉంటుంది, ఉత్పత్తి మాత్రం ఊరిది.

గుజ్జు లెక్కలు:
చిత్తూరుకు మార్చి 31 అంకె వాడితే తక్కువ చూపిస్తుంది, ఎందుకో చెప్తాను.

తోతాపురి మామిడి గుజ్జు యూనిట్లు జూన్, జులైలో కాయ కొంటాయి. ఆ రెండు నెలల్లోనే సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్, అవసరం కొద్దీ వాడుకునే అప్పుకు హద్దు) నిండుతుంది. గుజ్జు డ్రమ్ముల్లో ఉండి ఏడాది పొడవునా ఎగుమతి అవుతుంది, అప్పు మెల్లగా దిగుతుంది. మార్చి ఎండింగ్‌కు అది అడుగున ఉంటుంది. జూన్, సెప్టెంబర్, డిసెంబర్ త్రైమాసికాల అంకెలు కూడా తీసుకుని నాలుగింటి సగటు కట్టండి.

అప్పు ఎంత ఇవ్వాలన్న సూత్రంలో కూడా ఒక ఇబ్బంది ఉంది. 5 కోట్ల లోపు లిమిట్లకు నాయక్ కమిటీ పద్ధతి: అంచనా టర్నోవరులో 25 శాతం వర్కింగ్ క్యాపిటల్, అందులో 20 బ్యాంకుది, 5 యజమానిది. దీని వెనక ఊహ ఏమంటే డబ్బు ఏడాదికి నాలుగుసార్లు తిరుగుతుందని, అంటే మూడు నెలల చక్రం. గుజ్జు చక్రం ఎనిమిది తొమ్మిది నెలలు. 10 కోట్ల టర్నోవరు ఉన్న యూనిట్‌కు 20 శాతమంటే 2 కోట్లు, కాయ కొనడానికే చాలదు. నెలవారీ క్యాష్ బడ్జెట్ పెట్టి, పీక్ లిమిట్, నాన్-పీక్ లిమిట్ విడివిడిగా అడగాలి. అట్ల అడగని యూనిట్ మిగతాది బయట వడ్డీకి తెస్తుంది, ఆ అప్పు ఏ నిష్పత్తిలోనూ కనబడదు.

డ్రాయింగ్ పవర్ (ఉన్న సరుకును బట్టి లిమిట్‌లోంచి తీసుకోగల మొత్తం) కట్టేటప్పుడు కూడా చూడాలి. సరుకు విలువలోంచి ముందు రైతులకు ఇవ్వాల్సిన బాకీ తీసేయాలి, మిగిలినదాంట్లో యజమాని వాటాగా 25 శాతం మార్జిన్ పోవాలి. 4 కోట్ల గుజ్జు, రైతులకు బాకీ 1 కోటి అనుకుంటే డ్రాయింగ్ పవర్ 2.25 కోట్లే, 3 కోట్లు కాదు. అమ్ముడుపోని గుజ్జు గిడ్డంగిలో ఉండిపోతే లిమిట్ అక్కడే ఇరుక్కుంటుంది, కొత్త సీజన్‌కు రైతు చేతికి డబ్బు రాదు. 2025లో కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 రూపాయలు అని కలిపి 12 చేయాల్సి వచ్చింది. అట్లాంటి ఏడాది రుణం నిలువ ఎక్కువగానే కనిపిస్తుంది, కానీ అది ఎదుగుదల అప్పు కాదు, అమ్ముడు పోని సరుకు అప్పు.

నగరి మరమగ్గం:
మగ్గాలకు కూడా అంతే. ఇంకొకటి, బంగారం రుణాలు. బంగారం ధర పెరిగితే అదే గొలుసు మీద ఎక్కువ డబ్బొస్తుంది. వ్యవసాయం పేరుతో పెట్టింది కూడా అందులో ఉంటుంది. దాన్ని వేరు చేయకపోతే వ్యవసాయ రుణం పెరిగిందనిపిస్తుంది.

కొర్లగుంట కామర్స్:
సరే. అయితే పిల్లలతో ఇట్ల చేయిస్తా: బ్రాంచిని బట్టి ఔట్‌స్టాండింగ్ నాలుగు త్రైమాసికాల సగటు, కింద ప్రస్తుత ధరల జిల్లా ఉత్పత్తి, బంగారం రుణాలు వేరే వరసలో. 2018 నుంచి గ్రాఫు గీయొచ్చా?

సత్యవేడు రోడ్డు:
2018 నుంచి ఒకే గీత గీయొద్దు సార్. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాత చిత్తూరులోంచి మదనపల్లె, పీలేరు వైపు అన్నమయ్యకు పోయాయి. తిరుపతిలోకి నెల్లూరు నుంచి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి వచ్చాయి. శ్రీసిటీలో సత్యవేడు పాత చిత్తూరుది, తడ వైపు నెల్లూరుది. పాత అంకెలను కొత్త జిల్లాలకు పంచాలంటే బ్రాంచి వారీ జాబితా కావాలి. అది లేకుండా జనాభా దామాషాన పంచితే తిరుపతి నగరం అప్పు కుప్పానికి పోతుంది. 2022-23 నుంచే మొదలుపెట్టండి, హద్దులు మళ్లీ మారిన చోట గీత తెంచండి.

నీవా ఒడ్డు:
ఇంకొకటి కూడా. సప్తగిరి గ్రామీణ బ్యాంకు పేరు 2025 మే 1 తర్వాత పట్టికల్లో కనబడదు. చిత్తూరు కేంద్రంగా ఉన్న ఆ బ్యాంకును మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు చేశారు. బ్యాంకు వారీ పట్టిక తీసుకునే పిల్లలు ఆ వరస సున్నా అయిందని రాయకుండా కొత్త పేరు కింద వెతకమనండి. జిల్లా వారీ మొత్తంలో తేడా రాదు.

కొర్లగుంట కామర్స్:
లీడ్ బ్యాంకు (జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే బ్యాంకు) మేనేజరు ఆఫీసులో ఏమని అడగమంటారు? ఊరికే ‘డేటా కావాలి’ అంటే సమావేశం పుస్తకం ఇచ్చి పంపిస్తారు.

పద్దు పుస్తకం:
కాగితం మీద రాసివ్వండి. త్రైమాసికం వారీగా బ్యాంకుల మొత్తం అడ్వాన్సుల ఔట్‌స్టాండింగ్, అందులో ప్రాధాన్య రంగం విడిగా, వ్యవసాయంలో బంగారం తాకట్టు మీద ఇచ్చింది విడిగా, ఎంఎస్‌ఎంఈ విడిగా, పొదుపు సంఘాల లింకేజీ విడిగా. రైటాఫ్ చేసిన మొత్తం వేరే కాలమ్‌లో ఉంటే అడగండి. సహకార బ్యాంకు కలిపారా లేదా అని తప్పకుండా అడగాలి, వాణిజ్య బ్యాంకుల పట్టికలో డీసీసీబీ (జిల్లా సహకార కేంద్ర బ్యాంకు) ఉండదు, ప్రాథమిక సంఘాల పంట రుణాలు అక్కడే ఉంటాయి. డీసీసీ సమావేశం అయిన వారం తర్వాత పోతే పుస్తకం సిద్ధంగా ఉంటుంది, ముందు పోతే పాత త్రైమాసికందే చేతికొస్తుంది.